నూటికి నూరు మార్కులు, నాలుగు ముద్దులు

నలభై పేపర్లు దిద్దాను. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

తప్పుల్లేకపోతే సంతోషించాలి గానీ మంట దేనికని అనుకుంటారేమో, చెబుతాను. అది రెండువేల తొమ్మిది. స్వైన్ ఫ్లూ పేరు చెబితే ప్రపంచమంతా హడలిపోతున్న ఏడు. పాపని అమ్మ దగ్గర వదిలి గోదావరి జిల్లా నుంచి వెళ్ళి, జెద్దాలో మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్నాను. వార్డులో కాదు, జబ్బులు ఒకరి నుంచి ఒకరికి అంటకుండా చూసే విభాగంలో. సూటిగా చెప్పాలంటే అందరి చేతుల వంకా చూడటం, కడుక్కోనివాళ్ళను తిట్టడం నా ఉద్యోగం. ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఊరికే చేస్తున్న పనికి ఇక్కడ జీతం కూడా ఇస్తున్నారే అని మురిసిపోయేదాన్ని.

హజ్ యాత్ర ఇంకో రెండు నెలలుందనగా మా విభాగం పెద్ద, ఒక ఈజిప్టు డాక్టరమ్మ, నన్ను పిలిచి కొత్త పని అప్పగించింది. మెడిసిన్ నాలుగో ఏడు చదివే ఆడపిల్లలకు ఈ జబ్బు గురించి ఎంత తెలుసో ముందు పరీక్ష పెట్టి చూడాలి, తెలియనిది నేర్పాలి. ఆ పిల్లల్లో సగం మంది ఇళ్ళ నుంచి ఎవరో ఒకరు ఆ ఏడు మక్కా వెళ్ళేవాళ్ళే. రేపు వార్డుల్లో రోగుల్ని ముట్టుకునేదీ వాళ్ళే. నేను ఎంతో సంబరపడి ప్రశ్నలు తయారుచేశాను. జబ్బు ఎలా సోకుతుంది, చేతులు ఎంతసేపు రుద్దాలి, దగ్గే మనిషి దగ్గరుంటే ఏం చెయ్యాలి, మాస్కు ఎలా తియ్యాలి, ముసలివాళ్ళ విషయంలో ఏం చెయ్యాలి. ఏదో ఒకచోట తప్పు రాయకపోతారా, పట్టుకుని గంటసేపు వాయించకపోతానా అని ఎదురుచూశాను. నలభై మందికీ నూటికి నూరు!

సరే, పిల్లలు తెలివైనవాళ్ళు, ఒప్పుకుందాం. కానీ పరీక్ష అయిపోయాక వరండాలో ఏం జరిగిందో నేను కళ్ళారా చూశాను. సెలవుల తర్వాత కలుసుకున్నారేమో, ఒకరి మొహం ఒకరు రెండు చేతులతో పట్టుకుని, కుడి బుగ్గ మీద ఒక ముద్దు, ఎడమ బుగ్గ మీద మూడు ముద్దులు. అక్కడ ఆడవాళ్ళ పలకరింపు అది. మనం నమస్కారం పెట్టినట్టే. 'దగ్గరి స్పర్శ మానవలెను' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిన పిల్లే, ఏడుగురికి వరసగా నాలుగేసి ముద్దులు పెట్టి, చేతిలోకి తుమ్మి, అదే చేత్తో స్నేహితురాలి డబ్బాలోంచి ఖర్జూరం తీసుకుంది. నేను గోడ పట్టుకున్నాను.

"ఏమిటమ్మా ఇది? ఇప్పుడే కదా రాశావు!" అన్నాను.

"అది పరీక్ష కదా సిస్టర్," అంది ఆ పిల్ల, నిజంగానే అర్థం కాక. "వీళ్ళు నా స్నేహితురాళ్ళు."

మనిషి బొద్దుగా ఉంటుంది. మాటకి ముందు నవ్వుతుంది. అందుకే తిట్టినా తగలదు. ఆ పిల్లే రెండు రోజుల తర్వాత నా గది తలుపు దగ్గర నిలబడింది. ఈసారి నవ్వు లేదు.

తల్లి చిన్నప్పుడే పోతే నాయనమ్మ పెంచిందట. నాయనమ్మకి డెబ్బై దాటాయి, ఆపైన ఉబ్బసం. ముసలివాళ్ళు ఈ ఏడు హజ్ వాయిదా వేసుకుంటే మంచిదని డాక్టర్లంతా చెబుతున్నారు. ఆవిడ వినడం లేదు. తనకోసమైతే ఎప్పుడో చేసుకుంది. ఇది పోయిన చెల్లెలి పేరు మీద చెయ్యాల్సిన హజ్. చెల్లెలికి చివరి రోజుల్లో మాటిచ్చిందట. వచ్చే ఏడు వెళ్ళొచ్చు కదా అంటే, "వచ్చే ఏడు నేనుంటానని నువ్వు రాసిస్తావా?" అంటోందట. తస్రీహ్, అంటే యాత్రకి అనుమతి కాగితం, చేతికొచ్చేసింది. కొడుకూ మనవరాలూ తోడు వెళుతున్నారు. కానీ మగవాళ్ళ గుడారం వేరు కాబట్టి, పగలూ రాత్రీ ఆవిడ పక్కన ఉండేది ఈ పిల్ల ఒక్కతే.

"నేను చెబితే నవ్వుతుంది సిస్టర్. 'మనం పంది మాంసం ముట్టం, పంది జ్వరం మనకెందుకొస్తుంది?' అంటుంది. కనబడిన ప్రతి మనిషినీ ముద్దుపెట్టుకుంటుంది. ఆవిడని ప్రాణాలతో వెనక్కి తీసుకురావాలి. నాకు అన్నీ తెలుసు, ఏదీ చెయ్యడం రాదు."

ఆ ఆఖరి మాట నాకు భలే నచ్చింది. నలభై పేపర్లలోనూ లేని నిజం అది. కోపం కాస్తా కరిగిపోయింది. "మీ నాయనమ్మని నా క్లాసుకు తీసుకురా," అన్నాను. తీసుకొస్తే ఏం చేస్తానో అప్పటికి నాకూ తెలియదు.

చెబితే నమ్మనివాళ్ళకి చూపించాలి. కంటికి కనబడనిదాన్ని ఎలా చూపించడం? ఎక్కడో శిక్షణలో చూశాను, చేతికి ఒక రకం మందు రాసి ఊదా రంగు దీపం కింద పెడితే, ముట్టుకున్న చోటల్లా మెరుస్తుంది. ఆ సామాను కావాలని మా డాక్టరమ్మని అడిగితే, "ఆర్డరు పెడతాను, ఇన్షా అల్లా," అంది. దేవుడు తలిస్తే అని అర్థం. ఆ మాట ఆవిడ ఏ గొంతుతో అందో విన్నాక, ఇక ఆసుపత్రి స్టోరుని నమ్ముకోలేదు.

మా ఆసుపత్రి మెయింటెనెన్సులో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. తెలుగు మాట వినబడితే చాలు, నిచ్చెన మీద నుంచే పలకరిస్తాడు. అతన్ని పట్టుకున్నాను.

"తమ్ముడూ, ఊదా రంగు దీపం ఒకటి కావాలయ్యా. చీకట్లో వేస్తే కొన్ని మెరుస్తాయి చూడూ, అలాంటిది. నీకు తెలుసా?"

"నోట్లు జూసేది గాదక్కా? దొంగనోటా అసలుదా అని జూస్తరు, గదే గదా? షరఫియా బజార్ల పైసలు పంపే కౌంటర్ల నా దోస్తున్నడు. ఒకటి ఖరాబైందని మూలకు వడేసిండ్రు. తెచ్చి మంచిగ జేస్త తియ్యి."

"రాసుకునే మందు మాటేంటి మరి?"

"మందెందుకక్కా? బట్టలుతికే సబ్బుపొడి సుత మెరుస్తది గ దీపం కింద. నా బనీన్లు జూసిన గద."

ఇంత పెద్ద ఆసుపత్రిలో ఈ ముక్క తెలిసినవాడు ఇతనొక్కడే. సబ్బుపొడిని మెత్తగా నూరి వాజిలైనులో కలిపాను. అరచేతికి రాసుకుంటే కొంచెం చురుక్కుమంది గానీ, దీపం కింద పెట్టగానే నా చెయ్యి నీలంగా వెలిగింది. చిన్నపిల్లలా గంతేశాను.

క్లాసు రోజు పొద్దున అంతా సిద్ధం. కిటికీలకి నల్ల కాగితాలు అంటించాం. నేను కుడి అరచేతికి ఆ ముద్ద పలచగా పూసుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. ముందుగా వచ్చింది నాయనమ్మే, మనవరాలి భుజం మీద చెయ్యి వేసుకుని. మనిషి చిన్నగా ఉంది, నడకలో మాత్రం దర్జా ఉంది. వెనకాల డ్రైవరు మోసుకొచ్చిన కాఫీ ఫ్లాస్కు, గిన్నెల్లాంటి బుల్లి కప్పులు, ఖర్జూరాల పెట్టె. పాఠానికి వస్తోందో పెళ్ళికి వస్తోందో తెలియలేదు. నేను చెయ్యి చాచాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపి, నా మొహం దగ్గరికి లాక్కుని నాలుగు ముద్దులు పెట్టింది. "బింతీ," అంది. కూతురా అని. ఈ దేశం వచ్చాక నన్ను అలా పిలిచినవాళ్ళు లేరు. చెయ్యకూడని పని చేయించుకున్నందుకు నన్ను నేనే తిట్టుకోవాలి, కానీ ఎంత హాయిగా అనిపించిందో దాచను.

ఆ తర్వాత నలభై మంది పిల్లలూ వరసగా వచ్చారు. పెద్దావిడ కూర్చుని ఉంటే పలకరించకుండా ముందుకు పోవడం అక్కడ మర్యాద కాదు. ఒక్కొక్కరే వంగి ఆవిడ నుదురు ముద్దుపెట్టుకున్నారు. ఆవిడ ఒక్కొక్కరి మొహం అరచేతుల్లోకి తీసుకుని నాలుగేసి తిరిగిచ్చింది. తరవాత కాఫీ పోసింది. ఖర్జూరాలు పంచింది. నేను ఒక్క మాట మాట్లాడకుండా ఇరవై నిమిషాలు ఊరుకున్నాను. నా జీవితంలో అంతసేపు ఊరుకోవడం అదే మొదలు.

తలుపులు మూసి దీపం వెలిగించాను. గొల్లున నవ్వు. ఏమిటా అని చూసుకుంటే నిలువెల్లా వెలిగిపోతున్నాను! నా తెల్ల యూనిఫారం కాలర్ నుంచి కాలి దాకా నీలంగా ధగధగలాడుతోంది. శుభ్రతకి మారుపేరునని నేను రోజూ ఉతికి ఇస్త్రీ చేసుకుంటాను కదా, ఆ సబ్బుపొడి మహిమ. పిల్లల తెల్లకోట్లదీ అదే కథ. గదిలో మనుషులు కనబడటం లేదు, కోట్లు మాత్రం కూర్చుని నవ్వుతున్నాయి. ఎలక్ట్రీషియన్ తమ్ముడు బనీన్ల సంగతి చెప్పినప్పుడైనా నా బుర్రకి తట్టొద్దూ!

"సిస్టర్, అందరిలోకీ జబ్బు మీకే ఎక్కువుంది," అంది వెనక బెంచీ పిల్ల.

అప్పుడు ఆదుకున్నవి వాళ్ళ అబాయాలే. తెల్లకోట్లు విప్పేసి, బయటికి వెళ్ళేటప్పుడు తొడుక్కునే ఆ నల్లటి పొడుగు వస్త్రాలు మెడ దాకా బిగించుకున్నారు. నాకూ ఒకటి తొడిగారు. ఈసారి దీపం వేస్తే గది చీకటిగుహ. అందులో మొహాలు మాత్రమే.

ఎవరూ నవ్వలేదు. ప్రతి బుగ్గ మీదా వేళ్ళ గుర్తులు. ముందు వరస పిల్లలకైతే బొటనవేలితో సహా లెక్కపెట్టొచ్చు. వెనక్కి వెళ్ళేకొద్దీ పలచబడ్డాయి గానీ, పూర్తిగా లేనివాళ్ళు తక్కువ. కాఫీ కప్పుల అంచులు, ఫ్లాస్కు పిడి, ఖర్జూరాల పెట్టె మూత, పెన్నులు, ఒక పిల్ల కనురెప్ప. "నా ఒక్క చేతి నుంచి మొదలైంది ఇదంతా," అని చెబుతూ దీపం నా మొహం మీదికి తిప్పుకున్నాను. నాకు కళ్ళజోడు ఎగదోసుకునే అలవాటుందని అప్పుడే తెలిసింది. ముక్కు మొత్తం నీలం. ఈసారి నేనే ముందు నవ్వాను, ఇంకేం చేస్తాను!

నవ్వుల్లో పడి నాయనమ్మని ఎవరూ గమనించలేదు. ఆవిడ మనవరాలి మొహం వంకే చూస్తోంది. ఆ పిల్లకి రెండు బుగ్గలూ, గడ్డమూ వెలుగుతున్నాయి. ఆవిడ తన నల్ల ముసుగు కొసతో తుడిచింది. పోకపోగా మెడ మీదికి పాకింది. ఇంకా గట్టిగా తుడిచింది.

"ఇది నేను పెట్టిందేనా?" అని అరబీలో అడిగింది. ఆ మాత్రం అరబీ నాకు వచ్చు.

గెలిచానని అనుకోవలసిన చోట సిగ్గేసింది. నేను చూపించాలనుకున్నది జబ్బుని. ఆవిడకి కనబడింది తన ముద్దులు మరకలైపోవడం. గబగబా దీపం ఆర్పి కిటికీల కాగితాలు చింపేశాను. నాకొచ్చిన వచ్చీరాని అరబీలో, "అమ్మా, పంది తినడం తినకపోవడంతో దీనికి పని లేదు. ఇది మనిషి నుంచి మనిషికి వస్తుంది. మంచివాళ్ళ చేతుల మీద కూడా వస్తుంది," అన్నాను. సరిపోని చోట మనవరాలు అందుకుంది.

ఆవిడ ముసుగు కొస వదిలి నా వైపు తిరిగింది. "అయితే మనిషి ఎదురొస్తే ఏం చెయ్యాలి? గోడలా నిలబడాలా?" అంది.

మనవరాలు లేచి నిలబడి, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని కొంచెం తల వంచింది. ఇది కూడా వాళ్ళ పలకరింపే, కొత్తగా కనిపెట్టింది కాదు. ముసలావిడ కూర్చున్నచోటే చేసి చూసింది. నచ్చలేదు. ఇంకోసారి చేసింది, ఈసారి కళ్ళు కూడా కలిపి. అప్పుడు ఆవిడ మొహంలో వెలుగు వచ్చింది. నలభై మందినీ మళ్ళీ వరసలో రమ్మంది. ఒక్కొక్కరికీ తన గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచి, పేరు అడిగి, ఇంటి క్షేమం అడిగి పంపింది. ముద్దులతో ఇరవై నిమిషాల్లో అయిన పని ఇలా గంట పట్టింది. ఆ గంటసేపు కాలేజీ మొత్తానికి వినబడేలా నవ్వుకున్నాం. పక్క క్లాసు లెక్చరరు వచ్చి తలుపు కొట్టింది. ఆవిడని కూడా నాయనమ్మ గుండె మీద చెయ్యి పెట్టుకుని పలకరించింది.

తరవాత మూడు వారాలూ ఆ పిల్ల నాయనమ్మని పట్టిన పట్టు విడవలేదు. ఇంట్లో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినే అన్నాన్ని ఆవిడకి విడిగా పెట్టడానికే నాలుగు రోజుల యుద్ధం జరిగింది. మాస్కు దగ్గర ఇంకో చిక్కొచ్చింది. యాత్ర దీక్షలో ఉన్న ఆడవాళ్ళు మొహానికి ముసుగు వేసుకోకూడదు. మరి మాస్కు ముసుగా, కాదా? క్లాసులో రెండు జట్లయిపోయారు. నేను వాళ్ళ మతం దాన్ని కాను, చర్చికి వెళ్ళే ఇంట పుట్టినదాన్ని. అందులో తలదూర్చనని చేతులెత్తేశాను. చివరికి ఆ పిల్ల, మతశాస్త్రం చదువుకున్న తన మేనమామని అడిగి వచ్చింది. జబ్బు భయం ఉన్నప్పుడు పెట్టుకోవచ్చని ఆయన చెప్పాడట. టీకా కూడా అప్పుడే కొత్తగా వచ్చింది. పేపర్లో 'టీకా తప్పనిసరి' అని రాసిన పిల్లలే సూది దగ్గర వెనకడుగు వేస్తుంటే, నాయనమ్మ చొక్కా చెయ్యి పైకి మడిచి అందరికంటే ముందు నిలబడింది. ఇక సిగ్గుపడి వాళ్ళూ వరస కట్టారు.

వాళ్ళు వెళ్ళారు. మక్కా నా గదికి గంటన్నర దూరం, అంతే. బస్సులు కిటికీ కిందనుంచే పోతాయి. కానీ ముస్లింలు కానివాళ్ళకి ఆ ఊళ్ళోకి ప్రవేశం లేదు. నేను నేర్పిందంతా నేను అడుగుపెట్టలేని చోట పరీక్షకి కూర్చుంది.

బక్రీదు పండుగ రోజు మధ్యాహ్నం, క్యాంటీనులో అన్నం కలుపుకుంటుంటే ఫోను మోగింది. మక్కా పక్కనే యాత్రికులు దిగే మినా గుడారాల నుంచి ఆ పిల్ల. వెనకాల జనం హోరు.

"సిస్టర్, జద్దా పక్క పరుపులో ఉన్నామెకి పొద్దుట్నించీ జ్వరం, దగ్గు. జద్దా నీళ్ళు తాగించింది. నాకేం తోచడం లేదు. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు." జద్దా అంటే నాయనమ్మ. ఆ పిల్ల ఏడుస్తోంది.

ముసలావిడ ఊపిరితిత్తుల సంగతి నాకు తెలుసు. కానీ ఇద్దరం ఏడిస్తే లాభం లేదు. గొంతు పెంచాను.

"పరీక్ష రాశావు కదా? నూటికి నూరు వచ్చాయి కదా? మూడో ప్రశ్న. దగ్గే మనిషి దగ్గరుంటే మొదట ఏం చెయ్యాలి? చెప్పు!"

"సిస్టర్..."

"చెప్పమంటున్నానా!"

"రోగికి... రోగికి మాస్కు పెట్టాలి."

"తరవాత?"

"గాలి ఆడేలా చూడాలి. దూరం జరపాలి. వైద్యకేంద్రానికి పంపాలి." వెక్కిళ్ళు తగ్గుతున్నాయి.

"ముట్టుకున్న చేతులు?"

"కడగాలి. ఇద్దరం. గ్లాసు మార్చాలి."

"నీకంతా వచ్చు. ఫోను పెట్టేసి చెయ్యి. అయ్యాక చెప్పు."

నలభై నిమిషాలు నా చెయ్యి పళ్ళెంలోనే ఎండిపోయింది. ఫోను వచ్చింది. ఆమెని వైద్యకేంద్రానికి చేర్చారట. గుడారం తెర ఎత్తికట్టి, నాయనమ్మ పరుపు గుమ్మం దగ్గరికి మార్చారట. ఆ తర్వాత గుడారంలో ఉన్న ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి నాయనమ్మే స్వయంగా చేతులు రుద్దుకోవడం నేర్పుతోందట. తప్పు చేసినవాళ్ళ చేతి మీద ఒక్కటి వేస్తోందట.

యాత్ర అయిపోయి ఇంటికి వచ్చాక వారం రోజులు ఆ పిల్ల నాయనమ్మని గది దాటనివ్వలేదు. తానూ దాటలేదు. పరామర్శకు వచ్చిన చుట్టాలు గుమ్మం బయటి నుంచే గుండె మీద చేతులు పెట్టుకుని వెళ్ళారు. రోజూ పొద్దున ఫోను చేసి నాయనమ్మ ఒంటి వేడి ఎంతుందో చెప్పేది. ఎనిమిదో రోజు ఫోను రాలేదు. భయపడి నేనే చేశాను. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాను. చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని డాక్టరమ్మ గదికి పరిగెత్తబోతూ తలుపు తీస్తే, ఎదురుగా వరండాలో మనవరాలి భుజం పట్టుకుని నాయనమ్మ వస్తోంది. అదే దర్జా.

నాకు రెండడుగుల దూరంలో ఆగింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను.

"కాబా ఎదురుగా నిలబడి నీ కోసం కూడా అడిగాను బింతీ," అంది.

"ఏం అడిగారు? ఆరోగ్యమా? నా పాప చదువా? జీతం పెరగాలనా?" అన్నాను నవ్వుతూ.

"అవి అందరూ అడుగుతారు. నీ నోరు ఎప్పుడూ అలసిపోకూడదని అడిగాను."

నేను వెళ్ళలేని ఊళ్ళో, లక్షల మంది తమ తమ కష్టాలు చెప్పుకునే చోట, ఒక ముసలావిడ నిలబడి నా నోటి కోసం దేవుణ్ణి అడిగింది. నవ్వబోయాను, ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే, మాస్కు ముక్కు కిందికి జారిపోయిందని మనవరాలిని తిట్టడం మొదలుపెట్టాను.